గండికోట దారిలో రెండు రోజులు

భూమిపై సంచరించి, తమకు పూర్వం గతించిన వారి పర్యవసానం ఏమయిందో గమనించమని దివ్య ఖుర్ఆన్ మానవులను పలుమార్లు పురికొల్పుతుంది. ఈ ఉపదేశాన్ని మనం ప్రసంగాల్లో తరచుగా వింటాము. కాని మన పిల్లలను వెంటబెట్టుకుని, ఒక శిథిలం ముందు నిలబడి, ఆ ఉపదేశాన్ని ఆచరణలో పెట్టే సందర్భాలు మన కుటుంబాల్లో అరుదు. విహారయాత్ర అనగానే మనకు గుర్తుకు వచ్చేవి పార్కులు, అంగళ్లు, ఫోటోలు. కారులో వెళ్లి, గంటసేపు తిరిగి, చీకటి పడకముందే ఇంటికి చేరుకుంటాము. చూసినదేమిటని మరునాడు అడిగితే పిల్లలు తిన్నవాటి పేర్లు చెబుతారు.

గత శీతాకాలంలో మేము మూడు కుటుంబాల వారము కలిసి మరొక పద్ధతిని ప్రయత్నించాము. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోటకు సైకిళ్లపై వెళ్లి, ఒక రాత్రి అక్కడ గడిపి, మరునాడు తిరిగి వచ్చాము. ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నదానిని, మధ్యలో మేము జవాబు చెప్పలేక తడబడిన ఒక ప్రశ్నను ఈ నెల పాఠకులతో పంచుకుంటున్నాము.

ముందుగా దారి సంగతి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు సుమారు 20 కిలోమీటర్లు, అక్కడి నుంచి గండికోటకు మరో 15 కిలోమీటర్లు. నల్లరేగడి నేలల మధ్య దారి చాలావరకు చదునుగా సాగుతుంది. కోటను సమీపించేకొద్దీ ఎర్రమల కొండల ఎక్కుడు మొదలవుతుంది. అలవాటు లేనివారు అక్కడ దిగి సైకిలును నడిపించుకుంటూ వెళ్లవచ్చు. మాలో పెద్దలే ముందుగా దిగారు, పిల్లలు నవ్వారు. గేర్ల సైకిళ్లు ఉంటే సుఖమే కాని, అవి తప్పనిసరి కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ దారికి అనువైన కాలం. రాయలసీమ వేసవిలో ఈ సాహసం చేయవద్దు.

పంక్చరు సామగ్రి, అదనపు ట్యూబు, గాలి పంపు వెంట ఉంచుకోవాలి. దారి పక్కన సర్కారు తుమ్మ విస్తారంగా ఉంటుంది. రాలిన ముళ్లు టైర్లను వదలవు. నీళ్లు మనిషికి కనీసం 2 లీటర్లు ఉండాలి. మా ఆడపిల్లలు, వారి తల్లి అబాయా అంచు గొలుసులో చిక్కకుండా గొలుసుకు మూత ఉన్న సైకిళ్లనే ఎంచుకున్నారు. స్కార్ఫు మీదనే హెల్మెట్ పెట్టుకున్నారు. పరదా పాటించే ఆడపిల్లకు సైకిలు కుదరదని భావించే తల్లిదండ్రులకు మా అనుభవం ఒక్క మాట చెబుతుంది: కుదరనిది ఏదీ కనబడలేదు. సామాను, వంటపాత్రలు, 70 ఏళ్లు దాటిన మా దాదీ ఒక ఆటోలో మా వెనుక వచ్చారు.

ముగ్గురు ప్రయాణం చేస్తే తమలో ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలని మహాప్రవక్త (స) బోధించారు. మేము 16 ఏళ్ల అమ్మాయిని ఆ రోజు పిల్లల బృందానికి నాయకురాలిగా నియమించాము. ఎక్కడ ఆగాలి, ఎవరు ముందుండాలి, లారీ వచ్చినప్పుడు ఎలా ఒక వరుసలోకి రావాలి అన్నవన్నీ ఆమె నిర్ణయించింది. దారిలో పడి ఉన్న గాజుపెంకులను చూసి తానే ఆగి, పక్కకు తీయించింది. బాటపై నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమనే హదీసు మన పిల్లలకు కంఠస్థమే. ఆ పని వేగంగా పోయే కారులో నుంచి సాధ్యం కాదు.

ఫజ్ర్ నమాజు ముగించి బయలుదేరాము. పొలాల్లో శనగ పైరు పచ్చగా పరుచుకుని ఉంది. జమ్మలమడుగు దాటాక ఒక వింత దృశ్యం: కొన్ని పొలాలకు ముళ్లకంచె బదులు నిలువుగా పాతిన నాపరాళ్లు గట్టులా నిలిచి ఉన్నాయి. దేశమంతా కడప రాయిగా పిలుచుకునేది ఈ నేలలో దొరికే రాయినే. మన ఇళ్లలో అనేకం ఈ రాళ్లపైనే నడుస్తున్నాయని పిల్లలకు అప్పటివరకు తెలియదు. ఒక గొర్రెల కాపరి మమ్మల్ని ఆపి, “యాడికి పోతాండారు బాషా, ఆడబిడ్డలను ఏసుకోని?” అని అడిగాడు. గండికోటకని చెబితే, “ఎక్కుడు కాడ నిమ్మళంగా పోండి” అని హెచ్చరించి, తన సీసాలోని నీళ్లు చిన్నవాడికి ఇచ్చాడు.

మధ్యాహ్నానికి మైలవరం జలాశయం గట్టుకు చేరుకున్నాము. పెన్నా నదికి అడ్డంగా కట్టిన ఈ జలాశయం గండికోటకు దిగువన ఉంది. కోటకు ఎగువన ఇటీవలి కాలంలో గండికోట జలాశయం వెలిసింది. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు, శ్రీశైలం నుంచి కృష్ణా జలాలు గాలేరు–నగరి కాలువల ద్వారా అక్కడికి చేరుతాయి. ఈ నీటి అవసరం ఎంతటిదో కడప జిల్లా వాసులకు చెప్పనక్కరలేదు. అయితే ఆ నీటి కోసం కొండాపురం ప్రాంతంలోని పల్లెలు మునిగిపోయాయి. 2020లో జలాశయాన్ని నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ప్రజలు తమ ఇళ్లను వదలవలసి వచ్చింది. శిథిలాలంటే పూర్వకాలపు రాజులవే కావు. మన కళ్లెదుట నీటి అడుగున చేరిన గడపలు కూడా శిథిలాలే. ప్రవహించే నది ఒడ్డున వజూ చేస్తున్నప్పుడు సైతం నీటిని వృథా చేయవద్దన్న ప్రవక్త (స) బోధనను ఆ గట్టుపై జుహర్‌కు వజూ చేస్తూ గుర్తు చేసుకున్నాము. ఆ నీటికి మూల్యం చెల్లించిన వారు ఉన్నారని తెలిశాక, పిల్లలు చెంబు వంచిన తీరు మారింది.

నమాజు విషయంలో ఒక వివరణ అవసరం. మనలో అధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం నమాజును కుదించడానికి ప్రయాణ దూరం సుమారు 77 కిలోమీటర్లు ఉండాలి. కనుక మాలో ప్రొద్దుటూరు వారు పూర్తి నమాజే చేశారు. హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబం విడిగా చేసినప్పుడు ఖస్ర్ చేసింది. స్థానిక ఇమాము వెనుక నిలిచినప్పుడు అందరూ పూర్తిగానే చేశారు. బయలుదేరే ముందు మీ మసీదు ఇమామును అడిగి తెలుసుకుంటే దారిలో వాదనలు ఉండవు.

అస్ర్ వేళకు కోట ద్వారం దాటాము. గండి అంటే కొండల నడుమ నది చీల్చుకున్న దారి. ఎర్రమల కొండలను పెన్నా నది నిలువునా కోసినట్లున్న ఆ లోయ అంచున ఎర్రని రాతి గోడలు లేచి ఉన్నాయి. కోటలో మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం, జామియా మసీదు, విశాలమైన ధాన్యాగారం, రాయల చెరువు, మసీదుకు చేరువలో కత్తుల కోనేరు ఉన్నాయి. మసీదు ప్రాంగణంలో నిలబడితే ఆలయ గోపురం కనిపిస్తుంది. ఇవన్నీ పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నాయి. మసీదులో నిత్య నమాజు జరగదు. మేమూ దాని నియమాన్ని గౌరవించి, బయట బస చేసిన చోటనే నమాజు చేసుకున్నాము.

మసీదు రెండు మినార్ల కింద నిలబడి 11 ఏళ్ల అబ్బాయి అడిగాడు: “అబ్బాజాన్, ఈ కోట మనదేనా?”

మాలో పెద్దలము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఒకరు గర్వంగా అవునని చెప్పబోయారు. మరొకరు, పిల్లలకు యుద్ధాల గొడవ ఎందుకు, చూసి వెళదామన్నారు. ఈ రెండు సమాధానాలూ మన ఇళ్లలో నిత్యం వినిపించేవే. బడిలో చరిత్ర పాఠం ఒక రకంగా వింటారు, ఫోనులో మరొక రకంగా చూస్తారు. ఇంట్లో మనం మాత్రం గొప్పలు చెబుతాము, లేదా మాట మారుస్తాము. ఆ తరువాత ఎవరైనా ఆ బిడ్డను తరగతిలో నిలదీస్తే, అతని దగ్గర కోపం ఉంటుంది లేదా సిగ్గు ఉంటుంది; జ్ఞానం ఉండదు.

తెలిసినది తెలిసినట్టు చెప్పాలని నిశ్చయించుకున్నాము. ఈ కోటను విజయనగర కాలంలోను, ఆ తరువాత కూడా పెమ్మసాని నాయకులు ఏలారు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వద్ద మంత్రిగా ఉన్న మీర్ జుమ్లా 1650 ప్రాంతంలో సేనతో వచ్చి, ముట్టడించి, పెమ్మసాని వారి నుంచి దీనిని గెలుచుకున్నాడు. మీర్ జుమ్లా ఇరాన్ నుంచి సామాన్యునిగా వచ్చి, వజ్రాల వ్యాపారంలో అపార ధనం గడించి, మంత్రి అయినవాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఆయనను కలుసుకోవడానికి ఈ కోటకే వచ్చాడు. మరి కొద్ది సంవత్సరాలకే మీర్ జుమ్లాకు తన సుల్తానుతో వైరం వచ్చింది. ఆయన మొఘలుల పక్షాన చేరాడు. 1662లో అస్సాంపై దండెత్తి, వానలతోను వ్యాధులతోను సతమతమై, తిరుగు ప్రయాణంలో 1663లో ఢాకా సమీపంలో మరణించాడు. ఇంత శ్రమపడి గెలిచిన గండికోట ఆయన సమాధికి కూడా చోటు ఇవ్వలేదు. ఆ పిమ్మట కోట కడప నవాబుల చేతికి, మైసూరు పాలకుల చేతికి మారింది. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేయగా, ఇది దత్త మండలాల్లో భాగమైంది.

అబ్బాయి శ్రద్ధగా విని, “అయితే మీర్ జుమ్లా మంచివాడా, చెడ్డవాడా?” అన్నాడు.

“ఆయన హృదయంలో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. ఆయన లెక్క ఆయన ప్రభువు వద్ద ఉంది” అని చెప్పాము. ఆ జవాబు అతనికి సరిపోలేదని ముఖమే చెప్పింది. నిజానికి అది సరిపోయే జవాబు కాదు కూడా. అందుకే రెండు విషయాలు జోడించాము. గతించిన సమాజానికి అది సంపాదించినది దక్కుతుంది, మనం సంపాదించేది మనకు దక్కుతుంది. వారి కర్మల గురించి మనల్ని ప్రశ్నించరు అన్నది ఖుర్ఆన్ నేర్పే సూత్రం. కనుక మీర్ జుమ్లా విజయం మన ఘనత కాదు. ఆ యుద్ధంలో చిందిన రక్తం మన అపరాధమూ కాదు. రెండవది: సాక్ష్యం చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం, అది మనకు, మన బంధువులకు ప్రతికూలమైనా న్యాయం పక్షాన నిలవాలని అదే గ్రంథం ఆదేశిస్తుంది. కనుక కోట గెలుపును చెప్పినవారము, కోట పోగొట్టుకున్నవారి బాధను దాచరాదు.

ఇంతలో ధాన్యాగారం నీడలో కూర్చున్న దాదీ, ఎత్తయిన ఆ కప్పు వైపు చూస్తూ, “ఇంత ధాన్యం ఎవరి పొలాల నుంచి వచ్చేదో నాయనా!” అన్నారు. మేము రాజుల పేర్లు చెప్పుకుంటూ ఉంటే ఆమెకు రైతులు గుర్తుకు వచ్చారు. జెండాలు మారిన ప్రతిసారీ ఈ నల్లరేగడిలో జొన్న పండించి, గాదెలు నింపిన వారి పేర్లు ఏ శాసనంలో వెతకాలి? పొద్దున మేము దాటి వచ్చిన శనగ చేలు, మా చిన్నవాడికి నీళ్లిచ్చిన ఆ కాపరి అప్పుడు మా మనసుల్లో మెదిలారు. మనం ఈ నేలపై ఎవరి వారసులమని అడిగితే, మనలో చాలామందికి నిజమైన జవాబు ఆ గాదెలు నింపినవారేనేమో. మన తెలుగు ముస్లిం కుటుంబాల్లో అధికులు నవాబుల సంతతి కారు. రైతులు, నేతగాళ్లు, దూదేకులవారు, సిపాయిలు, చిన్న వర్తకుల బిడ్డలు.

మసీదు గోడలపై మరొక దృశ్యం మా తలలు వంచింది. మేకులతో చెక్కిన పేర్లు, బాణాలు, తేదీలు. మాధవరాయ ఆలయ స్తంభాలపైనా అవే గీతలు. అమ్మాయి వాటిని చదివి, “వీటిలో మన పేర్లు కూడా ఉన్నాయి” అంది మెల్లగా. ఏ సమాజం వారు ఎక్కువ గీశారని లెక్కించే పనికి మేము పూనుకోలేదు. సంచిలో తెచ్చుకున్న గోనెసంచులు తీసి, మసీదు ప్రాంగణంలోను, ఆలయం ముందర, కోనేటి మెట్లపైన పడి ఉన్న ప్లాస్టిక్ సీసాలను, చిప్సు సంచులను పిల్లల చేత ఏరించాము. కోట లోపలి ఊరి పిల్లలు నలుగురు వచ్చి తామూ చేయి వేశారు. ఒక గంటలో మూడు సంచులు నిండాయి.

ఆ రాత్రి నెగడు ముందు జొన్నరొట్టెలు తింటూ ఉండగా అబ్బాయి తన ప్రశ్నకు తానే తిరిగి వచ్చాడు. “మనది కాదు, వాళ్లదీ కాదు. అయితే ఎవరిది?” అమ్మాయి జవాబిచ్చింది: “అమానత్.” అప్పగించబడినది. ఆ మాట ఆమె మదర్సాలో నేర్చుకున్నదే. సొత్తు అయితే గర్వపడవచ్చు, అమ్ముకోవచ్చు, పేరు చెక్కుకోవచ్చు. అమానత్ అయితే కాపాడి తరువాతివారికి అప్పగించాలి. మసీదు ఎంత అమానతో, దాని ఎదుట ఉన్న ఆలయం, చెరువు, నది కూడా అంతే. పొరుగువారి హక్కు గురించి ఇస్లాం ఇంతగా నొక్కి చెప్పింది బతికి ఉన్న పొరుగువారి గోడల గురించి మాత్రమే అనుకోనవసరం లేదు.

మరునాడు ఫజ్ర్ తరువాత లోయ అంచుకు నడిచాము. సూర్యుడు లేచేసరికి ఎర్రని బండలు ఒక్కొక్కటిగా వెలిగాయి. కింద పెన్నా నీరు కదలకుండా నిలిచి ఉంది. అంచున రక్షణ గోడ ఏమీ లేదు. పిల్లలను చేయి పట్టుకునే తీసుకువెళ్లాలి. ఫోటోల కోసం బండల చివరకు పోనివ్వరాదు. నది ఆ కొండను కోయడానికి ఎంత కాలం పట్టిందో ఊహిస్తే, కోట ఏలినవారి కాలమంతా ఒక పూట మాత్రమే అనిపిస్తుంది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. దాదీ మాత్రం తస్బీహ్ తిప్పుతూ చాలాసేపు నిలబడ్డారు.

తిరుగు దారి దిగుడు గనుక సునాయాసంగా సాగింది. రెండు రోజులు మిగిలి ఉంటే జమ్మలమడుగు సమీపంలో పెన్నా ఒడ్డున ఉన్న దానవులపాడును కూడా చూడవచ్చు. అక్కడ ఇసుక కింద కప్పబడిన జైన ఆలయ శిథిలాలు గత శతాబ్దం ఆరంభంలో తవ్వకాల్లో బయటపడ్డాయి. అంటే ఈ ఒక్క నది వెంటనే జైనులు, హైందవులు, ముస్లిములు తమ తమ ప్రార్థనా స్థలాలను కట్టుకున్నారు. కడప పట్టణ వాసులకు పెన్నా తీరంలోని సిద్ధవటం కోట ఇంకా దగ్గర. సుమారు 25 కిలోమీటర్లు. పిల్లలతో మొదటి ప్రయాణానికి అదే మంచిది.

ఈ ప్రయాణం మా కుటుంబాలకు ఆరోగ్యాన్ని, సంతోషాన్ని ఇచ్చింది. అంతకు మించి ఒక పని అప్పగించింది. మన పిల్లలు చరిత్ర గురించి అడుగుతారు. నేడు కాకపోతే రేపు, మనల్ని కాకపోతే మరొకరిని. ఆ ప్రశ్న మన ఎదుట, మన మాటల్లో, ఒక పాత గోడ నీడలో అడగబడటం మేలు. దానికి సైకిలు మంచి తోడు. అది మనిషిని నేలకు దగ్గరగా ఉంచుతుంది, కాపరితో మాట్లాడనిస్తుంది, ముళ్లను చూపిస్తుంది, ఎక్కుడు వద్ద గర్వాన్ని దించుతుంది.

మీ జిల్లాలోనూ ఒక చెరువు, ఒక బురుజు, ఒక మూగ మసీదు లేదా గుడి ఉండే ఉంటాయి. ఈ శీతాకాలంలో ఒక సెలవు రోజున పిల్లలతో కలిసి వెళ్లండి. వెళ్లే ముందు అక్కడ ఎవరు ఏలారో, ఎవరు ఓడారో, ఎవరు పండించారో తెలుసుకోండి. ఒక ఖాళీ గోనెసంచి తీసుకువెళ్లండి. ప్రయాణికుని దుఆ అంగీకార యోగ్యమని ప్రవక్త (స) తెలిపారు. ఆ దుఆలో గతించినవారిని, నీటి కోసం ఇళ్లు వదిలినవారిని కూడా చేర్చండి. మా అబ్బాయి ప్రశ్నలో సగానికి మేము ఇంకా జవాబు బాకీ ఉన్నాము. ఇన్షా అల్లాహ్, వచ్చే శీతాకాలం సిద్ధవటం దారిలో దానిని కొనసాగిస్తాము.